పుట్టగొడుగుల క్యాప్సూల్ వేసుకుంటే హెపటైటిస్-బి గోలీ మానేయొచ్చా?

పరకాల నుంచి ఒకరు అడిగారు. ఆయన రాసింది ఇంత: "మా బాపుకు హెపటైటిస్-బి ఉన్నది. కొన్నేండ్ల సంది రోజూ టెనోఫోవిర్ వేసుకుంటున్నడు. మా ఊరి సారు ఒకాయన గానోడెర్మా, కార్డిసెప్స్ కలిపిన క్యాప్సూళ్లు తెచ్చి, ఇండ్ల వైరస్‌ను సంపే గుణం ఉన్నది, విదేశాలల్ల రీసెర్చ్ గూడ అయింది, ఇంగ్లిష్ గోలీ బంద్ వెట్టి ఇవి వాడుండ్రి అంటున్నడు. నిజమేనా? ములుగు అడివిల చెట్ల మొదట్ల వచ్చేది గూడ గదేనట, కాసి తాగితే పని జేస్తదా?"

నేను హనుమకొండలో ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాగ్నసీ చెప్తాను. వేర్లు, బెరడులు, పుట్టగొడుగులు, బూజుల్లోంచి మందు పదార్థాలు ఎలా తీయాలి, తీసినదాన్ని ఎలా పరీక్షించాలి అన్నదే మా సబ్జెక్టు. గానోడెర్మా పుట్టగొడుగు మా ల్యాబ్‌లో ఏటా ఎవరో ఒక స్టూడెంట్ ప్రాజెక్టుకు ఎత్తుకునే సరుకు. నేను డాక్టర్ను కాను. మీ బాపు మందుల మీద చివరి మాట ఆయన్ని చూస్తున్న లివర్ డాక్టరుదే.

ముందు జవాబు చెప్పేస్తాను. టెనోఫోవిర్ మానొద్దు, ఒక్క రోజు కూడా. ఆ క్యాప్సూల్ దానికి బదులు కాదు. "రెండూ కలిపి వేసుకుంటే పోలే" అని కూడా డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. అడవిలోది అసలే వద్దు. ఇక పుట్టగొడుగుల్లో వైరస్‌ను ఆపే పదార్థాలు ఉన్నాయా అంటే, ఉన్నాయి. మీ ఊరి సారు చెప్పింది ఉత్త అబద్ధమైతే ఇంత పొడుగు జవాబు రాసే పనే ఉండేది కాదు. సగం నిజం కాబట్టే రాస్తున్నా.

గోలీ ఎందుకు మానొద్దో మొదట చూద్దాం. హెపటైటిస్-బి వైరస్ లివర్ కణంలోకి దూరాక తన డీఎన్‌ఏను చిన్న ఉంగరంలా చుట్టి ఆ కణం కేంద్రకంలోనే దాచిపెట్టుకుంటుంది. టెనోఫోవిర్ ఆ ఉంగరం జోలికి పోలేదు. అది చేసేదల్లా కొత్త కాపీలు తయారు కాకుండా అడ్డుకోవడం. రోజూ గోలీ పడుతున్నంత కాలం రక్తంలో వైరస్ దాదాపు కనపడదు, లివర్ కోలుకుంటుంది, మనిషి నిక్షేపంగా ఉంటాడు. "రిపోర్టుల ఏం లేదు కదా, ఇంకెందుకు" అనిపించేది సరిగ్గా అప్పుడే. గోలీ ఆపితే కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఆ ఉంగరంలోంచి మళ్లీ కాపీలు మొదలవుతాయి. అప్పటిదాకా ఊరుకున్న మన రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా మేల్కొని, వైరస్ ఉన్న లివర్ కణాలన్నిటి మీదా పడుతుంది. కొందరిలో అది లివర్ ఫెయిల్యూర్ దాకా పోతుంది. నేను భయపెట్టడానికి చెప్తున్నది కాదు, టెనోఫోవిర్ డబ్బాలో మడిచి పెట్టే కాగితంలోనే చుట్టూ గీత గీసి మరీ రాసిన హెచ్చరిక ఇది.

నాకు తెలిసిన ఒక మిర్చి వ్యాపారి, ఎనుమాముల మార్కెట్‌లో కమీషన్ చేస్తాడు, ఇలాగే చేశాడు. ఆయన వాడేది ఎంటెకావిర్, అదీ హెపటైటిస్-బి గోలీయే. బంధువుల పెళ్లిలో ఎవరో చెప్తే క్యాప్సూళ్లకు మారాడు. మొదట్లో మస్తు హుషారుగా ఉందన్నాడు. మిర్చి సీజన్ నడుమ కళ్లు పచ్చబడ్డాయి, అన్నం సయించలేదు. ఇంట్లోవాళ్లు కామెర్లని పసరు పోయించారు, దాంతో ఇంకొన్ని రోజులు పోయాయి. చివరికి హైదరాబాద్ తీసుకుపోతే ఏఎల్‌టీ, అంటే లివర్ ఎంత దెబ్బతిన్నదో చెప్పే రక్తపరీక్ష అంకె, వెయ్యి దాటి ఉంది. మళ్లీ పాత గోలీ మొదలుపెట్టారు, బతికాడు. క్యాప్సూల్ ఆయనకు విషం కాలేదు. క్యాప్సూల్ ఉందన్న ధైర్యంతో గోలీ మానాడు, దెబ్బ అక్కడ తగిలింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. "రీసెర్చ్ అయింది" అన్నారు కదా, ఏం అయింది?

గానోడెర్మాను నాలుక మీద వేసుకుంటే కరకర చేదు. ఆ చేదు ట్రైటెర్పీన్లు అనే పదార్థాలది. ఈ పుట్టగొడుగులో అవి నూటికి పైగా రకాలున్నాయి. 1998లో జపాన్‌లోని తొయామాలో వాటిలో కొన్నిటిని విడదీసి, హెచ్‌ఐవీ సోకిన కణాల మీద వేసి చూశారు. గానోడెరియాల్-ఎఫ్, గానోడెర్మనాన్‌ట్రయాల్ అనే రెండు పదార్థాలు మిల్లీలీటరుకు 7.8 మైక్రోగ్రాముల దగ్గర వైరస్‌ను అడ్డుకున్నాయి. మంచి పని. అబద్ధం ఏమీ లేదు. కరపత్రాల్లో "ఎయిడ్స్ వైరస్‌ను సైతం" అని రాసేది ఈ పరిశోధనను పట్టుకునే.

కానీ ఆ 7.8 అనే అంకెను పట్టుకుని ఒక చిన్న లెక్క వేయండి. రోజుకు రెండు క్యాప్సూళ్లు, ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాములు, మొత్తం ఒక గ్రాము పొడి. అందులో ట్రైటెర్పీన్లు నూటికి ఒక వంతు అనుకుందాం. 10 మిల్లీగ్రాములు. మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. ఆ 10 మిల్లీగ్రాములూ పేగుల్లో ఒక్క చుక్క వృథా పోకుండా, లివర్ విరగ్గొట్టకుండా, అన్నీ ఒకేసారి రక్తంలో కలిశాయనే అనుకోండి, అలా ఎప్పుడూ జరగదు, అయినా అనుకోండి. మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు. అది కూడా నూటికి పైగా రకాలు కలిపి. మనకు కావలసిన ఆ రెండు రకాల వాటా అందులో ఎంతుంటుందో మీరే ఊహించండి. ల్యాబ్‌లో కణాలు పెంచే ప్లేటులో పనిచేసిన మోతాదు క్యాప్సూల్ మింగితే రక్తంలోకి రాదు. పైగా ఇదంతా హెచ్‌ఐవీ సంగతి. హెపటైటిస్-బి వైరస్ వేరు, దాని ఎంజైములు వేరు.

మా స్టూడెంట్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే: "యాక్టివిటీ ఉంది" అని ఎవరైనా అంటే వెంటనే "ఎంత మోతాదులో?" అని అడగాలి. ఆ తర్వాత "అదే మోతాదులో మామూలు కణాలు బతికాయా?" అని అడగాలి. ఈ రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం.

ఎందుకంటే వైరస్‌కు సొంత ఫ్యాక్టరీ లేదు. మన కణంలోని సామాను వాడుకునే అది పెరుగుతుంది. కాబట్టి మన కణాన్ని దెబ్బకొట్టే ప్రతి పదార్థమూ ప్లేటులో "యాంటీవైరల్"గానే కనపడుతుంది. వానాకాలంలో తెల్లగా ముద్దుగా మొలిచే కొన్ని అమానిటా జాతి పుట్టగొడుగుల్లో అమానిటిన్ అనే విషం ఉంటుంది, ఉడికించినా పోదు, తిన్నవాళ్ల లివర్ కుళ్లిపోతుంది. అది మన కణాల్లోని ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 అనే ఎంజైమును పట్టి ఆపేస్తుంది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు పెరగడానికి ఆ ఎంజైము నడుస్తూ ఉండాలి. అంటే ప్లేటులో చూస్తే అమానిటిన్ ఫ్లూ వైరస్‌ను భేషుగ్గా ఆపుతుంది! దాన్ని క్యాప్సూళ్లలో నింపి అమ్మితే ఎట్లుంటుంది?

ఇంత ఘోరం కాని ఉదాహరణ మైకోఫెనోలిక్ ఆమ్లం. పెనిసిలియం బూజులోంచి ఇటలీ శాస్త్రవేత్త గోసియో 1893లో తీశాడు. కణాలకు కావలసిన గ్వానిన్ ముడిసరుకు తయారీని ఇది తగ్గిస్తుంది. ముడిసరుకు లేక వైరస్ ఆర్‌ఎన్‌ఏ కాపీ ఆగిపోతుంది. డెంగ్యూ వైరస్ కూడా ప్లేటులో దీనికి లొంగుతుందని 2002లో చూపించారు. అయితే అదే ముడిసరుకు మన తెల్ల రక్తకణాలకూ కావాలి. అవీ ఆకలితో పడిపోతాయి. అందుకే ఈ మందు ఈరోజు దేనికి వాడుతున్నారో తెలుసా? కిడ్నీ మార్పిడి చేసుకున్నవాళ్లకు, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా, రోగనిరోధక శక్తిని తగ్గించడానికి. ప్లేటులో యాంటీవైరల్ అయిన బూజు మందు మనిషి ఒంట్లో ఇన్‌ఫెక్షన్లకు తలుపు తెరిచే మందు అయింది.

మీ క్యాప్సూల్లో రెండోది కార్డిసెప్స్. నాకు ఎక్కువ ఇష్టమైన కథ దీనిదే, ఎందుకంటే ఇది మీ బాపు వేసుకునే గోలీకి దూరపు చుట్టం.

కార్డిసెప్స్ మిలిటారిస్ అనే నారింజ రంగు పుట్టగొడుగులోంచి 1950లో కార్డిసెపిన్ అనే పదార్థాన్ని తీశారు. అది అచ్చం అడినోసిన్. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ గొలుసుల్లో వాడే నాలుగు రకాల ముక్కల్లో ఒకదానికి మూలం అడినోసినే. ఒక్కటే తేడా, కార్డిసెపిన్‌లో తర్వాతి ముక్కను పట్టుకునే చోట ఉండాల్సిన ఆక్సిజన్ లేదు. కాజీపేట యార్డులో బోగీలు తగిలిస్తూ పోతుంటే వెనక కొక్కెం లేని బోగీ ఒకటి మధ్యలో పడిందనుకోండి, ఆ రైలు అక్కడికే ఆగిపోతుంది. గొలుసు ఆగిపోతే వైరస్ కాపీ అసంపూర్తి.

టెనోఫోవిర్ పనిచేసేది కూడా సరిగ్గా ఇదే సూత్రం మీద. అదీ అడినోసిన్‌కు నకలే, దానికీ వెనక కొక్కెం లేదు. ప్రాగ్ నగరంలో ఆంటోనిన్ హోలీ తయారుచేసిన పదార్థాల కుటుంబంలోది అది. 2001లో హెచ్‌ఐవీకి, 2008లో హెపటైటిస్-బికి అమెరికాలో అనుమతి వచ్చింది.

మరి సూత్రం ఒకటే అయినప్పుడు కార్డిసెప్స్ పొడి ఎందుకు పనికిరాదు? రెండు కారణాలు. ఒకటి, మన రక్తంలో, కణజాలాల్లో అడినోసిన్ డీఅమినేజ్ అనే ఎంజైము ఉంది. అది కార్డిసెపిన్‌ను నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. మింగింది లివర్ కణం లోపలికి చేరేదాకా నిలవదు. రెండు, కార్డిసెపిన్ వైరస్ గొలుసు, మన గొలుసు అని తేడా చూడదు. మన కణాల ఆర్‌ఎన్‌ఏనూ అడ్డుకుంటుంది. టెనోఫోవిర్‌ను వైరస్ ఎంజైము చప్పున పట్టుకుంటుంది, మన ఎంజైములు అంతగా పట్టించుకోవు. ఆ తేడా కోసమే రసాయన శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తల పగలగొట్టుకున్నది. కార్డిసెపిన్‌ను కూడా ఎంజైముకు దొరక్కుండా ఒక తొడుగు వేసి, ఎన్‌యూసీ-7738 అనే పేరుతో, బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, ఒక కంపెనీ కలిసి క్యాన్సర్ రోగుల మీద పరీక్షకు తీసుకెళ్లారు. పుట్టగొడుగు పదార్థం మందు కావాలంటే పోయే దారి అది. పొడి చేసి డబ్బాలో నింపడం కాదు.

ఇంకో మాట. మన దగ్గర "హిమాలయాల కార్డిసెప్స్" అని కొందరు, "మేం ఏసీ గదిలో సీసాల్లో పెంచాం" అని కొందరు అమ్ముతున్నారు. రెండూ ఒకటి కాదు. ఉత్తరాఖండ్ కొండల్లో గొంగళిపురుగు మీద మొలిచేది వేరే జాతి, అందులో కార్డిసెపిన్ నామమాత్రం. సీసాల్లో పెంచే మిలిటారిస్‌లోనే ఉంటుంది. ఖరీదు చూస్తే తలకిందులు.

ఇక "నేరుగా వైరస్‌ను కొట్టదు కానీ ఇమ్యూనిటీ పెంచుతుంది" అనే రెండో వాదన. దీని వెనక కూడా ఒక నిజమైన కథ ఉంది. కొంచెం వివరంగా చెప్తాను, ఎక్కడా తెలుగులో చదివిన గుర్తు లేదు.

రిచర్డ్ షోప్ అని అమెరికాలో వైరస్‌ల శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో గువామ్ దీవిలో ఉన్నప్పుడు ఆయన భార్య హెలెన్ ఫొటో మీది కవరుకు బూజు పట్టింది. ఆ తేమలో పట్టక ఏం చేస్తుంది. మనమైతే తుడిచేస్తాం. ఆయన దాన్ని పెంచి, సారం తీసి, వైరస్ ఎక్కించిన ఎలుకలకు ఇచ్చాడు. ఎలుకలు బతికాయి. ఆ సారానికి హెలెనిన్ అని భార్య పేరే పెట్టి 1953లో ప్రచురించాడు. అందులో పనిచేస్తున్న పదార్థం ఏమిటో మాత్రం చాలా ఏళ్లు చిక్కలేదు. 1957లో ఇంటర్‌ఫెరాన్ బయటపడింది, అంటే వైరస్ సోకిన కణాలు పక్క కణాలను హెచ్చరించడానికి వదిలే ప్రొటీన్. 1967లో మెర్క్ కంపెనీలో మారిస్ హిల్లమన్ బృందం హెలెనిన్‌ను విప్పి చూస్తే, అసలు సరుకు జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ అని తేలింది. బూజుకు జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ ఎక్కడిది? ఆ బూజుకే వైరస్ సోకి ఉంది! బూజులోని వైరస్ ఆర్‌ఎన్‌ఏను చూసి ఎలుక ఒళ్లు "వైరస్ వచ్చింది" అని భ్రమపడి ఇంటర్‌ఫెరాన్ వదిలింది, ఆ ఇంటర్‌ఫెరాన్ అసలు వైరస్‌ను అడ్డుకుంది. బూజు మందు చేసిన పని కాదది.

ఇంటర్‌ఫెరాన్ హెపటైటిస్-బికి కూడా మందే. 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఇప్పటికీ కొందరికి ఇంజెక్షన్లుగా ఇస్తారు. అంటే హెపటైటిస్-బికి ఉన్న రెండు దార్లకూ, గొలుసు తెంచే గోలీకీ, ఇంటర్‌ఫెరాన్ సూదికీ, శిలీంధ్రాల లోకంలో చుట్టరికం దొరుకుతుంది. కానీ ఇంటర్‌ఫెరాన్ ఇచ్చేటప్పుడు ఎవరికి ఇవ్వాలో ఏరి ఏరి ఇస్తారు, రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. లివర్ గట్టిపడి నీరు పట్టిన మనిషికి ఇవ్వరు. ఎందుకు?

హెపటైటిస్-బిలో లివర్‌ను ఎక్కువగా పాడు చేసేది వైరస్ కాదు, వైరస్ మీద మన ఒళ్లు చేసే దాడి. ఇది చాలామందికి తెలియదు. జలుబుకో, మామూలు వైరల్ జ్వరానికో "ఇమ్యూనిటీ బూస్టర్" అంటే సరే అనుకుని నవ్వి ఊరుకోవచ్చు. హెపటైటిస్-బి మనిషికి ఆ మాట నిజంగా పనిచేస్తే అదే ప్రమాదం. పనిచేయకపోతే డబ్బు దండుగ.

నిజానికి పుట్టగొడుగుల బీటా-గ్లూకాన్లు మన తెల్ల రక్తకణాలను కదిలిస్తాయి, అది రుజువైన సంగతే. మన కణాల మీద డెక్టిన్-1 అనే గ్రాహకం వాటిని గుర్తుపడుతుంది. ఈ బీటా-గ్లూకాన్లు పొడవాటి చక్కెర గొలుసులు. మా ల్యాబ్‌లో పుట్టగొడుగు పొడిని వేడినీళ్లలో గంటల తరబడి కాచి, వడకట్టి, చల్లారాక ఆల్కహాల్ పోస్తాం. గ్లాసులో తెల్లటి పోగులు దూది తేలినట్టు లేచి మెల్లగా అడుక్కి దిగుతాయి. మొదటిసారి చూసిన స్టూడెంట్లు ఫోన్లు తీసి వీడియో తీసుకుంటారు. షిటాకే పుట్టగొడుగులోంచి ఇలా తీసి శుద్ధి చేసిందే లెంటినాన్. జపాన్‌లో 1985లో కడుపు క్యాన్సర్ మందులకు తోడుగా అనుమతించారు. కానీ గమనించండి, దాన్ని నరానికి ఇంజెక్షన్‌గా ఇస్తారు. నోటితో మింగితే అంత పెద్ద అణువు పేగుల్లోంచి రక్తంలోకి దాటేది చాలా తక్కువ. లెంటినాన్ పేరు చెప్పి క్యాప్సూల్ అమ్మేవాళ్లు ఈ ఒక్క సంగతీ చెప్పరు.

బతికున్న జీవి మీద, ల్యాబ్ బయట, పుట్టగొడుగు సారం వైరస్‌ను గట్టిగా తగ్గించిన ఫలితం ఒకటి ఉంది. 2018లో అమెరికాలో పుట్టగొడుగుల నిపుణుడు పాల్ స్టామెట్స్, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కలిసి తేనెటీగలకు చక్కెర పాకంలో గానోడెర్మా రెసినేసియం సారం కలిపి పెట్టారు. రెక్కలు వంకరపోయే వైరస్ 79 రెట్లు తగ్గింది, లేక్ సినాయ్ అనే ఇంకో తేనెటీగల వైరస్ 45,000 రెట్లు తగ్గింది. ఈ రంగంలో నాకు ఆశ పుట్టించే పని అది. అయితే మీ బాపు తేనెటీగ కాదు.

మీ చేతిలో ఉన్న డబ్బా సంగతి. తిప్పి చూడండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు ఉంటే, ఎక్కడో సన్న అక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్", అంటే మందుగా వాడటానికి కాదు, అని ఉంటుంది. హెల్త్ సప్లిమెంట్ల మీద ఆ మాట రాయడం తప్పనిసరి. వైరస్ చస్తుందని నోటితో చెప్పినాయన డబ్బా మీద మాత్రం అలా రాయలేడు. ఆయన్ని ఆ లైన్ చదివి వినిపించమనండి.

లోపల ఏముందన్నది ఇంకో కథ. ఒకసారి ఒక స్టూడెంట్ వాళ్లింట్లో వాడుతున్న గానోడెర్మా క్యాప్సూళ్లు తెచ్చాడు. ఒకటి విప్పి నాలుక మీద వేసుకుంటే చేదు లేదు, పేలపిండి రుచి. నీళ్లలో కాచి చల్లార్చి అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలం రంగు వచ్చింది. అది పిండిపదార్థం గుర్తు. పుట్టగొడుగుల్లో పిండి ఉండదు, గ్లైకోజెన్ ఉంటుంది, అది మహా అయితే ఎర్రటి గోధుమ రంగు ఇస్తుంది. అంటే ధాన్యం మీద బూజు పోగులు పెంచి, ధాన్యంతో సహా మరపట్టి నింపారన్నమాట. విషం కాదు, మోసం. టించర్ అయోడిన్ మీ ఇంట్లోనూ ఉంటుంది, కావాలంటే చేసి చూడండి. కాకపోతే రంగు రాలేదంటే సరుకు మంచిదని అర్థం కాదు, పిండి లేదని మాత్రమే అర్థం.

మంచి సరుకే అయినా లివర్ జబ్బు మనిషికి ఇంకో చిక్కు. గానోడెర్మా పొడి వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు 2004లో హాంకాంగ్ నుంచి, 2007లో థాయిలాండ్ నుంచి వైద్య పత్రికల్లో వచ్చాయి. థాయిలాండ్ రోగి చనిపోయారు. ఇవి అరుదు. కానీ రేపు మీ బాపు ఏఎల్‌టీ పెరిగితే, అది వైరస్ వల్లనా, క్యాప్సూల్ వల్లనా అని డాక్టరు తల పట్టుకోవాలి. గుండెకు స్టెంట్ వేసుకుని రక్తం పలచబడే గోలీలు వాడేవాళ్లు, డెంగ్యూతో ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లు కూడా గానోడెర్మాకు దూరం ఉండాలి, రక్తం గడ్డకట్టడాన్ని అది తగ్గించే అవకాశం ఉంది.

అడవిలోది. ములుగు, ఏటూరునాగారం వైపే కాదు, హనుమకొండ రోడ్ల పక్క ముసలి చెట్ల మొదట్లో కూడా వానలు పడ్డాక వస్తుంది. పైన ఎర్రటి గోధుమ రంగు మెరుపు, అంచు తెల్లగా, కింద సన్నటి రంధ్రాలు, చెక్కలాగే గట్టి. చుట్టుపక్కల ఆకుల మీద కోకో పొడి చల్లినట్టు బీజాలు పడి ఉంటాయి. అది గానోడెర్మా కుటుంబమే కావచ్చు. కొబ్బరి, ఆయిల్‌పామ్ వేసిన రైతులకు ఆ పేరు మందుగా కాదు, మొదలు కుళ్లబెట్టే తెగులుగా తెలుసు. కానీ ఆ కుటుంబంలో జాతులు బోలెడు, కంటితో చూసి చెప్పలేం. చైనావాళ్లు లింగ్‌జీ అనేదానికి, యూరప్‌లో మొదట గానోడెర్మా లూసిడం అని పేరు పెట్టినదానికి జాతి వేరని ఇప్పటి డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది, వందేళ్లకు పైగా రెండిటినీ ఒకటే అనుకున్నారు. మన చెట్టు మీదిది మూడోదో నాలుగోదో. పైగా పుట్టగొడుగులు నేలలోంచి, గాలిలోంచి సీసం, కాడ్మియం లాంటివి పీల్చుకుని దాచుకుంటాయి. లివర్ బాగున్నవాడు ఒకసారి కాచి తాగితే కడుపు నొప్పితో పోతుందేమో. మీ బాపుతో ఆ ప్రయోగం వద్దు.

తినే పుట్టగొడుగుల మీద ఏ అభ్యంతరం లేదు. పాలపుట్టగొడుగులు, వరిగడ్డి మీద పెంచే ముత్యపు చిప్ప పుట్టగొడుగులు బజారులో దొరికేవి వండుకుని తినమనండి. కూర కూరే. షిటాకే దొరికితే మాత్రం బాగా ఉడికించి తినాలి, పచ్చిగా తింటే కొందరికి ఒంటి మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు వస్తాయి.

చేయాల్సిన పనులు. ఇప్పటికే క్యాప్సూళ్లు మొదలుపెట్టి ఉంటే ఆపి, ఎన్నాళ్లు వేశారో డాక్టరుకు చెప్పండి, డబ్బా కూడా తీసుకెళ్లి చూపించండి. చాలామంది తిడతారని దాచిపెడతారు. టెనోఫోవిర్ మధ్యలో ఆగి ఉంటే ఇవాళే ఫోన్ చేయండి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఏఎల్‌టీ, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్షలు రాస్తారు. గోలీ మానడానికి అసలు కారణం ఖర్చే అయితే, 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్-బికి పరీక్షలు, మందులు ఉచితం, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో అడగండి. పాత రిపోర్టులు తీసుకెళ్లండి.

మీరు అడగలేదు కానీ అడగాల్సిందొకటి ఉంది. మీ అమ్మకు, మీకు, మీ తోబుట్టువులకు హెపటైటిస్-బి సోకిందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష అయిందా? రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు, భార్యాభర్తల మధ్య సోకే జబ్బు ఇది. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే రాదు, ఆయన్ని ఇంట్లో వేరుపెట్టకండి. షేవింగ్ బ్లేడు, టూత్ బ్రష్ మాత్రం వేరు ఉంచండి. పరీక్షలో లేదని వస్తే, ఇదివరకు టీకా పడకపోయి ఉంటే వేయించుకోండి: మొదటి డోసు, నెల తర్వాత రెండోది, మొదటి డోసు నుంచి ఆరు నెలలకు మూడోది.